ఎండ ఒక్కటే, లెక్కలు వేరు: నల్లగొండ, పాలమూరు రైతు కుటుంబాలకు సౌరవిద్యుత్తు ఆదాయ వ్యయాలు

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతంలో నీరు కరువు గాని ఎండ కరువు కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్, ఉమ్మడి నల్లగొండ జిల్లాలలో చదరపు మీటరు నేలపై రోజుకు సగటున 5 నుండి 5.5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. వర్షాకాలపు మబ్బు దినాలను మినహాయిస్తే సంవత్సరంలో సుమారు 300 దినాలు ఎండ కాస్తుంది. ఎర్రచెలకలు, వాటి కింద గట్టి రాతిపొరలు, వందల అడుగుల లోతుకు దిగిన బోరుబావులు ఈ ప్రాంతపు సేద్యానికి గుర్తులు. ఇటువంటి చోట సౌరవిద్యుత్తు వరమని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. అయితే ఒక కుటుంబానికి అది నిజంగా లాభమా, కాదా అనే ప్రశ్నకు జవాబు ఎండలో గాని, సౌరఫలకం ధరలో గాని దొరకదు. ఆ ఫలకం ఇచ్చే యూనిట్ ఏ యూనిట్ స్థానంలో వచ్చి చేరుతున్నది, ఆ పాత యూనిట్‌కు కుటుంబం ఎంత చెల్లిస్తున్నది అనే దానిపైనే లాభనష్టాలు ఆధారపడి ఉంటాయి. ఒకే ఫలకం ఒక ఇంటికి నాలుగేళ్ళలో పెట్టుబడిని తిరిగి ఇస్తే, పక్క ఇంటికి పాతికేళ్ళకు కూడా ఇవ్వకపోవచ్చు.

ధర దిగిన తీరు

జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరమిషన్ 2010 జనవరిలో ప్రారంభమైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్ల స్థాపన లక్ష్యంగా నిర్ణయించారు. అదే సంవత్సరం చివర జరిగిన తొలివిడత వేలంలో సౌరవిద్యుత్తు సగటు ధర యూనిట్‌కు రూ.12 పైచిలుకు పలికింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా సౌరపార్కు వేలంలో అది రూ.2.44కు దిగింది. ఏడేళ్ళలో ధర ఐదో వంతుకు తగ్గిందన్నమాట. 2015లో లక్ష మెగావాట్లకు పెంచిన జాతీయ లక్ష్యాన్ని దేశం 2025 జనవరిలో దాటింది. తెలంగాణ రాష్ట్రం కూడా 2015లో సౌరవిద్యుత్ విధానాన్ని ప్రకటించి, ఒకేచోట భారీ పార్కు కట్టడానికి బదులు పంపిణీ ఉపకేంద్రాలకు సమీపాన చిన్న, మధ్యతరహా కేంద్రాలను ప్రోత్సహించింది. అందువలన మెట్టమండలాలలో చేలమధ్య సౌరఫలకాల వరుసలు కనిపించడం మొదలైంది.

ఈ ధరల పతనం పెద్ద కేంద్రాలకు నేరుగా మేలు చేసింది. ఇంటికప్పు దాకా ఆ మేలు రావడానికి రాయితీ అవసరమైంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం రూ.75,021 కోట్ల అంచనా వ్యయంతో ఆమోదించిన ‘పీఎం సూర్యఘర్’ పథకం కోటి ఇళ్ళను లక్ష్యంగా పెట్టుకున్నది. ఈ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడవ కిలోవాట్‌కు రూ.18,000 రాయితీ లభిస్తుంది. 3 కిలోవాట్లు, ఆపై సామర్థ్యానికి గరిష్ఠ రాయితీ రూ.78,000. తాకట్టు లేని బ్యాంకు ఋణం కూడా తక్కువ వడ్డీకి అందుబాటులో ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి సౌరపరికరాలపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఇంత అనుకూలత ఉన్నప్పటికీ పల్లెలలో కప్పులపై ఫలకాలు అరుదుగానే కనిపించడానికి కారణం కరెంటు బిల్లులో ఉన్నది.

బిల్లు చెప్పే లెక్క

తెలంగాణలో గృహవినియోగ విద్యుత్తుకు 2022 నుండి అమలులోకి వచ్చిన ధరలను గమనించాలి. నెలకు 100 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తరువాతి 50 యూనిట్లు రూ.3.10 చొప్పున పడతాయి. 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు రూ.3.40, రెండవ వంద రూ.4.80 అవుతాయి. 200 దాటితే మొదటి యూనిట్ నుండే రూ.5.10 ధర వర్తిస్తుంది. 201 నుండి 300 వరకు రూ.7.70, 301 నుండి 400 వరకు రూ.9 చెల్లించాలి. అంటే 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ చార్జీ రూ.820 కాగా, 201 యూనిట్లు వాడిన ఇంటికి రూ.1,027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.

ఈ ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌరఫలకాల నుండి రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు వస్తాయని తీసుకోవచ్చు. మిర్యాలగూడ లేదా జడ్చర్ల వంటి పట్టణంలో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇంటి విద్యుత్ చార్జీ నెలకు రూ.1,790. ఆ ఇంటిపై 2 కిలోవాట్ల ఫలకాలు అమర్చితే నెలకు 240 యూనిట్లు వస్తాయి. నెట్‌మీటరు ద్వారా లెక్కించగా మిగిలే నికర వినియోగం 60 యూనిట్లు. దానికి అయ్యే చార్జీ సుమారు రూ.129. నెలకు రూ.1,660, సంవత్సరానికి దాదాపు రూ.20,000 ఆదా అవుతుంది. అమరిక ఖర్చు రూ.1,30,000 అనుకుంటే, రూ.60,000 రాయితీ పోగా సొంత పెట్టుబడి రూ.70,000. మూడున్నర సంవత్సరాలలో అది తిరిగి వస్తుంది. ఆ మొత్తాన్ని 7 శాతం వడ్డీకి ఐదేళ్ళ ఋణంగా తీసుకున్నా నెలసరి వాయిదా రూ.1,400 లోపే ఉంటుంది. అంటే ఆదా అయిన బిల్లు సొమ్ముతోనే వాయిదా తీరిపోతుంది.

నెలకు 150 యూనిట్లు వాడి, బిల్లు పూర్తిగా చెల్లించే ఇంటి సంగతి వేరు. ఆ ఇంటి చార్జీ రూ.580. ఒక కిలోవాట్ ఫలకాలతో నెలకు సుమారు రూ.520 మిగులుతుంది. రూ.65,000 ఖర్చులో రూ.30,000 రాయితీ పోగా మిగిలిన పెట్టుబడి రావడానికి ఐదున్నర సంవత్సరాలు పడుతుంది. ఇది కూడా ఆమోదయోగ్యమైన పెట్టుబడే గాని, అప్పు చేసి అయినా పెట్టవలసినంత అత్యవసరమైనది కాదు.

సున్నా బిల్లు ఇంట్లో

2024 మార్చి నుండి అమలవుతున్న ‘గృహజ్యోతి’ పథకం కింద రేషన్‌కార్డు కలిగి నెలకు 200 యూనిట్లలోపు వాడే కుటుంబాలకు బిల్లు సున్నా. పల్లెలోని చిన్న రైతు, కౌలురైతు, కూలి కుటుంబాలు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, చిన్న ఫ్రిజ్ గల ఇంటికి నెలకు 100 యూనిట్లకు మించి అవసరం ఉండదు. ఇటువంటి ఇంటికి సౌరవిద్యుత్తు వలన మిగిలే బిల్లు ఏమీ లేదు. రాయితీ పోగా పెట్టవలసిన ముప్పై, నలభై వేల రూపాయలను ఆ కుటుంబం కప్పుపై పెట్టేకంటే రెండు గొర్రెపిల్లలపైనో, బిందుసేద్యపు పైపులపైనో పెట్టడమే వివేకమనిపించుకుంటుంది. పేదకుటుంబం సౌరవిద్యుత్తును కాదనడాన్ని అవగాహన లోపంగా చూడరాదు. అది సరైన లెక్క.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో కూలరు నడిచే ఇంట్లో వినియోగం 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం చెల్లించవలసి వస్తుంది. వెయ్యి రూపాయలకు పైగా ఒక్కసారి మీద పడుతుంది. ఏడాదిలో రెండు మూడు నెలలు ఇలా దాటే ఇళ్ళు మొదట తక్కువ విద్యుత్తు వాడే బీఎల్‌డీసీ ఫ్యాను, ఎల్‌ఈడీ దీపాల వంటివి అమర్చుకోవడం చౌకైన మార్గం. సౌరఫలకాలు రెండవ మెట్టు మాత్రమే.

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లిని ఇక్కడ ప్రస్తావించాలి. ఆ గ్రామంలో 480 ఇళ్ళపై ఒక్కొక్కదానికి 3 కిలోవాట్ల చొప్పున, 11 ప్రభుత్వ భవనాలపై 60 కిలోవాట్ల మేరకు ఫలకాలు అమర్చి, 2025 సెప్టెంబరులో దానిని సంపూర్ణ సౌరగ్రామంగా ప్రకటించారు. ఇంటి అవసరాలు పోగా మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు చేరి ఆదాయంగా మారతాయి. అయితే అక్కడ పెట్టుబడిని కేంద్రరాయితీ, ఒక కంపెనీ సామాజిక బాధ్యతానిధి భరించాయి. కుటుంబంపై పెట్టుబడి భారం లేనప్పుడు ప్రతి యూనిట్ లాభమే. మరొక గ్రామం అదే దారిలో నడవదలచినప్పుడు మొదట తేల్చుకోవలసింది ఆ భారం ఎవరు మోస్తారన్నదే.

మోటారు లెక్క, భూగర్భజలం లెక్క

ఇంటికంటె పెద్ద లెక్క బావి దగ్గర ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి అది 24 గంటల సరఫరాగా మారింది. ఎండిన బోర్లు, కాలిపోయిన మోటార్లు, రాత్రిపూట కరెంటు కోసం చేనులో పడిగాపులు చూసిన తరానికి ఇది ఎంత ఊరట ఇచ్చిందో విడమరచి చెప్పనవసరం లేదు. కానీ బోరు దగ్గర యూనిట్ ధర సున్నా అయినప్పుడు సౌరపంపు వలన రైతుకు ఆదా అయ్యేది కూడా సున్నాయే. ‘పీఎం కుసుమ్’ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించినా, మిగిలిన 40 శాతం పెట్టి సౌరపంపు కొనడానికి కరెంటు కనెక్షన్ గల రైతుకు ఆర్థిక కారణం కనబడదు.

సున్నా ధరకు మరొక ఫలితం కూడా ఉన్నది. యూనిట్‌కు వెల లేనప్పుడు నీటికీ వెల ఉండదు. 200 అడుగుల లోతు నుండి, పంపుసెట్టు సామర్థ్యం 40 శాతంగా నీరు తోడుతున్నారనుకుందాం. యాసంగిలో ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు అందించడానికి దాదాపు 2,000 యూనిట్లు ఖర్చవుతాయి. అదే ఎకరంలో 500 మిల్లీమీటర్లతో వేరుశనగ పండిస్తే 830 యూనిట్లు సరిపోతాయి. ఈ తేడా, అంటే దాదాపు 1,150 యూనిట్లు, నేడు రైతు లెక్కలోకి రాదు. ప్రభుత్వపు రాయితీ పద్దులోకి మాత్రం వస్తుంది. రాష్ట్రంలో విద్యుత్ రాయితీల మొత్తం 2024-25లో రూ.11 వేల కోట్లు దాటింది.

కుసుమ్ పథకంలోని ‘సి’ భాగం ఈ ముడిని విప్పడానికి ఉద్దేశించినది. గ్రిడ్‌కు కలిపి ఉన్న పంపుసెట్టుకు సౌరఫలకాలు జతచేసి, రైతు వాడుకోగా మిగిలిన విద్యుత్తును పంపిణీసంస్థ కొనడం దీని సారాంశం. 5 కిలోవాట్ల ఫలకాలు సంవత్సరానికి సుమారు 7,300 యూనిట్లు ఇస్తాయి. ఐదు అశ్వశక్తుల మోటారు ఆరుతడి పంటలకు 2,700 యూనిట్లు వాడితే మిగిలేవి 4,600 యూనిట్లు. యూనిట్‌కు రూ.3.13 చొప్పున లెక్కించినా ఏటా రూ.14,000 పైచిలుకు ఆదాయం. వరి బదులు వేరుశనగ వేసిన ఎకరానికి ఆదా అయిన యూనిట్లపై రూ.3,600 అదనంగా చేతికి వస్తుంది. మద్దతుధరకు వరి అమ్ముకునే రైతును మరల్చడానికి ఇది ఒక్కటే చాలకపోవచ్చు. కాని నీటిని పొదుపుచేసిన రైతుకు ఆ పొదుపు సొమ్ముగా కనిపించడం ఇదే మొదటిసారి అవుతుంది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఈ పద్ధతిని 2016లోనే ఆచరణలో పెట్టారు. ఆరుగురు రైతులు సౌరపంపుల సహకార సంఘంగా ఏర్పడి, మిగులు విద్యుత్తును యూనిట్‌కు రూ.4.63 చొప్పున పంపిణీసంస్థకు 25 సంవత్సరాలపాటు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. అంతర్జాతీయ జలయాజమాన్య సంస్థ తోడ్పాటుతో జరిగిన ఈ ప్రయోగంలో సూర్యరశ్మిని ఒక పంటగా భావించారు. అయితే ధుండిలో సౌరపంపు డీజిలు ఇంజన్ల స్థానంలో వచ్చింది. నల్లగొండలో అది ఉచిత కరెంటు పక్కన నిలబడవలసి ఉంటుంది. కనుక ఇక్కడ కొనుగోలు ధర ఆకర్షణీయంగా ఉంటే తప్ప, చెల్లింపు సకాలంలో జరిగితే తప్ప రైతు ముందుకు రాడు.

తీగ చేరని చేను

సౌరపంపు ఏ వాదమూ లేకుండా గెలిచే చోటు నల్లమల. అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం పరిధిలో విద్యుత్ తీగలు లాగడం కష్టసాధ్యం. అటవీహక్కుల పట్టాలు పొందిన గిరిజన రైతులు వానపంట ఒక్కదానితోనే సరిపెట్టుకుంటూ వచ్చారు. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో రాష్ట్రప్రభుత్వం ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ పథకాన్ని ప్రారంభించింది. ఐదేళ్ళలో రూ.12,600 కోట్లతో 2.10 లక్షల గిరిజన రైతులకు చెందిన 6 లక్షల ఎకరాలకు పూర్తి రాయితీపై సౌరపంపులతో సాగునీరు అందించడం దీని లక్ష్యం.

ఇక్కడ సౌర యూనిట్ డీజిలు స్థానంలో వస్తుంది. గంటకు లీటరు డీజిలు తాగే ఐదు అశ్వశక్తుల ఇంజను రోజుకు 4 గంటల చొప్పున 100 రోజులు నడిస్తే 400 లీటర్లు, లీటరు రూ.95 చొప్పున రూ.38,000 అవుతుంది. ఆ ఖర్చు భరించలేకనే రెండవ పంట వేయనివారే ఎక్కువ. కనుక సౌరపంపు విలువ ఆదా అయిన డీజిలులో కంటే కొత్తగా చేతికొచ్చే పంటలో, వలసపోకుండా ఊరిలోనే దొరికే పనిలో ఉన్నది. పాలమూరు కూలీ వలసల చరిత్ర తెలిసినవారికి ఈ మాట బరువు తెలుస్తుంది. అయితే ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా నీరు తోడగల పంపుకు తనంతట తాను ఆగే గుణం లేదు. బోర్ల మధ్య దూరం, బిందుసేద్యం, ఆరుతడి పంటలు మొదటి రోజు నుండే పథకంలో భాగం కావాలి. మరమ్మతు చేసే మనిషి మండలకేంద్రంలోనైనా అందుబాటులో ఉండాలి.

భూమిపై సౌరకేంద్రం: ఎవరి లాభం

కుసుమ్ ‘ఎ’ భాగం కింద 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు గల కేంద్రాలను ఉపకేంద్రానికి 5 కిలోమీటర్లలోపు భూమిలో స్థాపించవచ్చు. తెలంగాణలో వీటి విద్యుత్తుకు యూనిట్ ధర రూ.3.13. మహిళాసంఘాల ద్వారా 1,000 మెగావాట్లు స్థాపించాలని కూడా రాష్ట్రం సంకల్పించింది. ఒక మెగావాట్‌కు సుమారు 4 ఎకరాలు కావాలి. ఏటా 16.5 లక్షల యూనిట్లు ఉత్పత్తి అయితే ఆదాయం దాదాపు రూ.51.6 లక్షలు. స్థాపన వ్యయం రూ.4 కోట్లు, అందులో రూ.2.80 కోట్లు 10 శాతం వడ్డీకి 15 ఏళ్ళ ఋణం అనుకుంటే వార్షిక వాయిదా సుమారు రూ.37 లక్షలు. నిర్వహణకు రూ.5 లక్షలు తీసివేస్తే మిగిలేది దాదాపు రూ.10 లక్షలు. సొంతంగా పెట్టిన రూ.1.20 కోట్లపై ఇది 8 శాతం మాత్రమే. ఋణం తీరిన తరువాతి పదేళ్ళే అసలు లాభకాలం. అంతవరకు ఓపికపట్టగల ఆర్థికబలం ఒంటరి చిన్న రైతుకు ఉండదు. సంఘానికి, సహకారసంస్థకు, వడ్డీ తగ్గింపు లభించిన మహిళాసమాఖ్యకు ఉండవచ్చు.

కనుక చిన్న రైతు ముందుకు ఎక్కువగా వచ్చేది కౌలు ప్రతిపాదన. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఎకరానికి ఏటా రూ.25,000 చొప్పున 25 ఏళ్ళకు స్థిరమైన కౌలు నేడు మెట్టపంట నికరాదాయం కంటే మెరుగుగా కనిపించవచ్చు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే చివరి సంవత్సరంలో ఆ రూ.25,000 విలువ నేటి రూ.5,800కు సమానం. ఏటా కొంత శాతం పెరిగే కౌలు, చెల్లింపు ఆలస్యమైతే వడ్డీ, గడువు ముగిసిన తరువాత పునాదులు తొలగించి భూమిని అప్పగించే బాధ్యత ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఆ భూమిని కౌలుకు చేసుకుంటున్న కుటుంబం, పత్తి ఏరే ఆడకూలీలు కోల్పోయే పనిదినాలు ఏ ఒప్పందంలోనూ కనిపించవు. ఆ నష్టాన్ని తగ్గించేందుకు పంటకు పనికిరాని రాతిభూములనే మొదట ఎంచుకోవాలి.

ఫలకాల వరుసల మధ్య పంట పండించే పద్ధతి ఇంకొక దారి. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కప్రాంత పరిశోధనాసంస్థ 105 కిలోవాట్ల కేంద్రంలో వరుసల మధ్య పెసర వంటి పొట్టిపంటలు పండించి, ఫలకాలపై పడిన వాననీటిని కూడా సేకరించి చూపింది. దక్షిణ తెలంగాణ మండలానికి అనువైన పెసర, వేరుశనగ, ఆకుకూరలు, పశుగ్రాసాలు పాక్షిక నీడలో ఎంత దిగుబడి ఇస్తాయన్న విషయంపై పాలెం, కంపాసాగర్ వంటి పరిశోధనాస్థానాలలో ప్రయోగాలు జరగవలసిన సమయమిది.

అమర్చుకునే ముందు

సొంతంగా ఫలకాలు అమర్చుకోదలచిన కుటుంబం కొన్ని విషయాలు గమనించాలి.

* గత పన్నెండు నెలల బిల్లులు ముందు వేసుకొని సగటు వినియోగం చూడాలి. నెలకు 200 యూనిట్లు తరచుగా దాటే ఇంటికే కప్పుపై సౌరవిద్యుత్తు తొలి ప్రాధాన్యం.

* అవసరానికి మించిన సామర్థ్యం వద్దు. మిగులు యూనిట్‌కు పంపిణీసంస్థ చెల్లించే ధర, పై శ్లాబులో వినియోగదారు చెల్లించే ధర కంటే తక్కువ.

* గృహజ్యోతి లబ్ధిదారులు నెట్‌మీటరుకు దరఖాస్తు చేసే ముందు తమ అర్హతపై విద్యుత్ సెక్షన్ కార్యాలయం నుండి లిఖితపూర్వక వివరణ తీసుకోవాలి.

* కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని డాబా కావాలి. రేకుల, పెంకుల ఇళ్ళు సాధారణంగా అనువుగా ఉండవు.

* ఎండ ముదిరితే ఉత్పత్తి పెరుగుతుందనుకోరాదు. ఫలకం వేడి 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుండి 0.4 శాతం తగ్గుతుంది. నల్లగొండ మే ఎండలో ఫలకం 65 డిగ్రీలకు చేరితే 12 నుండి 16 శాతం నష్టం. కప్పుకూ ఫలకానికీ మధ్య గాలి ఆడే ఎత్తు ఉంచాలి.

* బ్యాటరీ లేని గ్రిడ్ అనుసంధాన అమరిక కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్‌పై పనిచేసే సిబ్బంది రక్షణ కోసం అది దానంతటదే ఆగిపోతుంది.

* సుమారు పదేళ్ళకు ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చును మొదటి నుండే లెక్కలో చేర్చాలి. దుమ్ము తుడవడం, కోతుల బెడద నుండి కాపాడడం ఇంటివారి పనే.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఈ లెక్కల నుండే తేలుతుంది. ఉచిత విద్యుత్తు పొందే కుటుంబానికి మరొక రాయితీ ఇచ్చి ఫలకాలు అంటగట్టినందువలన ప్రయోజనం పరిమితం. ఆ కుటుంబం వాడకుండా మిగిల్చిన యూనిట్‌కు, తోడకుండా మిగిల్చిన నీటికి వెల కట్టి సకాలంలో చెల్లిస్తే రైతు, పంపిణీసంస్థ, భూగర్భజలం మూడూ బాగుపడతాయి. ఉచిత విద్యుత్తు రైతు హక్కుగా కొనసాగుతూనే పొదుపు కూడా రైతు ఆదాయంగా మారే ఏర్పాటు సాధ్యమే. ముందుగా ఈ రెండు జిల్లాలలో భూగర్భజలం అధికంగా తోడిన కొన్ని మండలాలలో ఒక్కొక్క వ్యవసాయ ఫీడరును ఎంచుకొని, రెండు మూడు పంటకాలాలపాటు దీనిని పరీక్షించాలి. ఆ ఫీడరు పరిధిలోని రైతుల బ్యాంకు ఖాతాలలో పడిన సొమ్ము, బోర్లలో నీటిమట్టం పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే విస్తరణ గురించి నిర్ణయించడం ఉచితం.